చుక్కల గీత

గోడకు అంటించిన ఆ పెద్ద కాగితం ముందు బాలరాజ్ సార్ చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపటి నుంచి నిలబడి ఉన్నాడు. కవిత బక్కెట్లో చేతులు కడుక్కుంటూ ఆయన వీపునే చూస్తోంది. ఆయన ఏ గీతను చూస్తున్నాడో అక్కడి నుంచి కనబడకపోయినా ఆమెకు తెలుసు. చుక్కల గీతలనే. నిండు గీతల ముందు ఆయన నిలబడటం మానేసి చాలా రోజులైంది.

కాగితం నిండా ఎంకపల్లి చెరువే. చెరువులో బతికేవన్నీ పేర్లుగా రాసి ఉన్నాయి. అడుగున నాచు, పురుగులు, వాటి పైన నత్తలు, రొయ్యలు, తూనీగ పిల్లలు, ఆ పైన పరకలు, జెల్లలు, బురదమట్టలు అనే చేపలు, అన్నిటికీ పైన కొర్రమట్ట, నీటికాకి. ఏది దేన్ని తింటుందో ఆ రెండింటికీ మధ్య ఒక గీత. చేప కడుపు కోసి, లోపల ఏముందో కళ్లారా చూస్తే నిండు గీత. ఆ నిండు గీతలన్నీ కవితవి. మూడేళ్ల చాకిరీ. చుక్కల గీతలేమో లిదియావి. అవి ఎవరూ చూడనివి, చూడకపోయినా ఉండి ఉంటాయని కంప్యూటర్లో లెక్క కట్టినవి. లిదియా ప్రాజెక్టులో చేరి ఇంకా ఏడాది కూడా కాలేదు.

"ఈ జెల్ల, నత్త..." అన్నాడు సార్, ఒక చుక్కల గీత మీద వేలు పెట్టి. "దీనికి ఎంత వచ్చిందమ్మా?"

లిదియాను 'అమ్మా' అంటాడు. కవితను కవిత అనే అంటాడు. ఇది కూడా కవిత లెక్కలోకి ఎక్కిన విషయమే.

"అన్నిట్ల ఎక్కువ దానికే సార్," అంది లిదియా ల్యాప్‌టాప్ మీంచి తలెత్తి. "పదిట్ల ఎనిమిది పాళ్లు ఉంటదని వస్తున్నది."

"ఎట్ల వస్తున్నది? జర నాకు మల్లొకసారి చెప్పు. సోమవారం పైసలిచ్చే కమిటీ వాళ్లు నన్నే అడుగుతరు."

లిదియా లేచి వచ్చింది. సన్నటి పిల్ల, మొయినాబాద్‌లోనే ఇల్లు, స్టాటిస్టిక్స్ చదివింది. మాట్లాడేటప్పుడు రెండు చేతులూ ఆడిస్తుంది. గోళ్లు శుభ్రంగా ఉంటాయి. "జెల్ల నోరు ఎంత తెరుచుకుంటదో మనకు తెలుసు సార్. చిన్న నత్త అండ్ల పడ్తది. రెండూ ఒడ్డు పొంటి బురదలనే తిరుగుతయి. జెల్ల జాతివే వేరే చేపలు వేరే చెరువులల్ల నత్తల్ని తింటున్నయి. మరి మనకెందుకు దొరకలేదంటే, మనం చూసిన కడుపులు ఎన్ని? అండ్ల సగం ఖాళీవే. ఒకరింటికి నాలుగుసార్లు పోయినమనుకోండ్రి సార్. నాలుగుసార్లు పప్పే కనబడ్డది. వాళ్లు నీసు ముట్టరని చెప్పగలుగుతమా? ఆదివారం నాడు మనం పోలేదేమో."

సార్ గట్టిగా నవ్వాడు. "నాలుగుసార్లు పప్పు! ఇదే చెప్త సోమవారం."

కవిత నీళ్లు పారబోసింది. మూడేళ్లు వాసనపట్టిన చేతులతో, మెడ పట్టేసేదాకా మైక్రోస్కోపు మీద వంగి చేసిన పని ఈ పిల్ల నోట్లో పడి నాలుగుసార్లు పప్పు అయింది. సార్ నవ్వాడు కూడా. కవితకు కడుపు మండిపోయింది. బస్సులో పక్క సీటు వాళ్లు ముక్కు మీద కొంగు పెట్టుకుని జరిగి కూర్చుంటారే, ఆ చేతులివి. అట్లాంటి చేతులు లేకుండానే ఈ పిల్లకు గీతలు వస్తున్నాయి.

సార్ కాగితం వైపు చూస్తూనే అన్నాడు. "చిన్న నత్తలల్లనే కార్జపు జలగలు పెరుగుతయి. గట్టు మీద మేసే గొర్లకు, బర్లకు అవే రోగం తెస్తయి. జెల్ల నత్తను తింటదని తేలిందనుకో, చెరువుల జెల్లలు పెంచుకోండ్రని ఊరోళ్లకు చెప్పొచ్చు. పైసలిచ్చేటోళ్లకు సమజయ్యే గీత ఇదొక్కటే. ఒక్క జెల్ల కడుపుల నత్త దొరికితే చాలు, రెండో విడత మొత్తం లిదియా లెక్క మీదనే నడిపియ్యొచ్చు. దొరకకుంటే ఎప్పటిలెక్కనే కోసుడు, చూసుడు."

రెండో విడతలో ఒక్కరే ఉంటారు. మార్చి దాటాక ఇద్దరికి జీతమిచ్చే డబ్బు లేదు. ఆ మాట సార్ పోయిన వారమే చెప్పాడు. కాబట్టి నత్త దొరికితే లిదియా, దొరక్కపోతే కవిత. విప్పి చెప్పాల్సిన పని లేదు.

"కవితా, ఈ వారం జెల్లలు ఎక్కువ తెప్పియ్యి," అన్నాడు సార్, వెనక్కి తిరక్కుండానే.

ఆ నత్తను వెతికి పెట్టాల్సింది కూడా కవితే. తన గొయ్యి తాను తవ్వుకోవడమే కాక, జర తొందరగా తవ్వమని పురమాయింపు కూడానా అనుకుంది ఆమె. "సరే సార్," అని పైకి అంది.

*

శుక్రవారం పొద్దున కవిత చేవెళ్లలో బస్సెక్కి మొయినాబాద్‌లో దిగేసరికి చేపలమ్మే అంతమ్మ కత్తిపీట ముందు కూర్చునే ఉంది. రోడ్డు పక్క టార్పాలిన్ కింద, తడి గోనెసంచి మీద చేపలు. ఎంకపల్లి చెరువులో తెల్లారి తీసిన వల. అంతమ్మ కొడుకు బండి మీద తెచ్చి ఇక్కడ దించి పోతాడు. కొనేవాళ్లు చేపను పట్టుకుపోతారు, ప్రాజెక్టు కడుపును పట్టుకుపోతుంది. మొదట్లో చేపలను కొని కోసి పారేసేవాళ్లు. తినే చేపను పారేస్తే ఊరివాళ్లు ఊరుకుంటారా, మొహం మీదే తిట్టారు. అప్పుడు కవిత కుదిర్చిన పద్ధతి ఇది. అంతమ్మ పొట్ట చీరగానే పేగులు అవతల పడేసి, కడుపు మాత్రం తెంపి కవర్లో వేసి ముడి వేస్తుంది. జెల్లలకు ఒక ముడి, బురదమట్టలకు రెండు ముడులు, కొర్రమట్టలకు ముడిలో ఒక చీపురుపుల్ల. వచ్చినవాళ్లందరికీ సార్ ఇది గొప్పగా చెప్తాడు. చెప్పేటప్పుడు 'మా పద్ధతి' అంటాడు.

"రా బిడ్డా, జెల్లలు మస్తు పడ్డయి ఇయ్యాల," అంది అంతమ్మ. బూడిదలో అద్దిన చేతితో జారే జెల్లను పట్టుకుని, పక్క ముల్లు విరిచి, కత్తికి ఒరిపించి ఒక్క లాగుడు లాగింది. "నిన్న మాపటికి మీ చిన్న పిల్ల వచ్చింది. సన్నగుంటది సూడు, ఏం పేరు..."

"లిదియా."

"ఆఁ, గా పిల్లనే. జెల్ల నోట్ల స్కేలు వెట్టి కొలుస్తున్నది. ఏంది బిడ్డా, అంగీ కుట్టిస్తవా దానికి అన్న. ఎంత నవ్విందో. పోంగ పోంగ మా మనుమరాలికి బిస్కిట్ పుడ వెట్టిపోయింది."

కవిత కవరు ఎత్తి చూస్తున్నదల్లా ఆగింది. "నాకు చెప్పకుంట వచ్చిందా?"

"నీకు చెప్పుడెందుకే? నా అడ్డకు వచ్చెతందుకు నీ పర్మిషనా?" అని నవ్వింది అంతమ్మ.

మూడేళ్లలో కవిత అంతమ్మ మనుమరాలికి ఏమీ తేలేదు. ఆ పిల్లకు ఎన్నేళ్లో, పేరేమిటో కూడా తెలియదు. తేవాలన్న ఆలోచనే ఎప్పుడూ రాలేదు. ఇప్పుడు లిదియా తెచ్చాక, ఎందుకు రాలేదని తన మీద కోపం వచ్చింది. ఆ కోపం తన మీద ఒక నిమిషం కూడా నిలవలేదు, లిదియా మీదికి వెళ్లిపోయింది. బిస్కట్లు ఇచ్చి మంచిదనిపించుకోవడం ఎంతసేపు? చలికాలం పొద్దున ఈ గోనెసంచి పక్కన నిలబడి చూడమను.

"ఏమైందే, మొహం గట్ల వెట్టినవ్?" అంది అంతమ్మ.

"ఏం లేదు. ఒక ముడియేనా ఇది? అన్నీ జెల్లలేనా?"

"అన్నీ జెల్లలే."

కవరు బరువుగా ఉంది. దాన్ని సంచిలో పెట్టుకుని కవిత నడక మొదలుపెట్టింది.

ఆఫీసంటే దాణా కొట్టు పైన కిరాయికి తీసుకున్న రెండు గదులు. మెట్లెక్కుతుంటే తవుడు వాసన, తలుపు తీస్తే స్పిరిట్ వాసన. లిదియా అప్పటికే వచ్చి టేబుల్ తుడిచి, పళ్లేలు కడిగి వరసగా పెట్టింది. ఆ పని కవితది. ఎవరు చెప్పారు ఈ పిల్లకు?

"అంతమ్మ చెప్పింది, నిన్న పోయినవంట," అంది కవిత కత్తెర తీస్తూ.

"అవునక్కా. నోటి కొలతలు పుస్తకంల ఉన్నవే వాడిన, మన జెల్లలవి ఎట్లున్నయో చూద్దామని పోయిన. పుస్తకంల కంటె మనవే జర పెద్దగున్నయి." లిదియా ల్యాప్‌టాప్ తెరిచింది. "నీకు ఫోన్ చేద్దామనుకున్న, బస్సుల ఉంటవేమోనని చెయ్యలే."

పని మొదలైంది. కవిత చెప్పాలి, లిదియా ఎక్కించాలి. కడుపును పళ్లెంలో పెట్టి, కత్తెర మొనతో పొడుగునా చీల్చి, లోపలిది నీళ్ల బొట్లతో కడిగి దింపి, మైక్రోస్కోపు కింద సూదితో ఒక్కొక్కటి విడదీసి చూడాలి. ఏం కనబడితే అది పైకి చెప్పాలి. తల ఎత్తితే చూసే చోటు తప్పిపోతుందని కవిత తల ఎత్తదు.

"రొయ్య మీసం. కాళ్లు రెండు."

టక టక.

"ఖాళీ."

టక్.

"తూనీగ పిల్ల. తల ఒక్కటే ఉన్నది."

"చిన్నదా, పెద్దదా అక్కా?"

"నడిమిది. రాసుకో. తర్వాత... ఖాళీ. ఖాళీ. పరక పొలుసులు."

ఒకరి మాటకు ఇంకొకరి వేళ్లు తడబడకుండా అందుకుంటున్నాయి. ఇద్దరూ కలిసి కూర్చుంటే పని బాగా సాగుతుంది. ఆ సంగతి కవితకు తెలుసు, తెలిసినందుకు ఇంకా చిరాకు.

"నిజంగ చెప్తున్న అక్కా," అంది లిదియా, పళ్లెం మార్చే సందులో. "నత్త దొరకకున్నా నాకేం బాధ లేదు. తప్పు లెక్క అయితే తప్పని తెలుస్తది గద. గదీ మంచిదే."

ఏం మాట్లాడుతోంది ఈ పిల్ల? తప్పు అయినా మంచిదేనట. తప్పు అయితే ఇంకో ఊళ్లో ఇంకో ఉద్యోగం దొరికే చదువు ఉన్నవాళ్లు అనే మాట అది. కవితకు ఈ సూది తప్ప వేరే పని ఏది ఉంది? ఆమె తర్వాతి కడుపు తీసుకుంది.

అది మిగతా వాటికన్నా గట్టిగా ఉంది. కత్తెర దిగగానే ఏదో గరుకుగా తగిలింది. నీళ్లు వదిలితే పలచటి, తేనె రంగు పెంకు ముక్కలు బయటికి తేలాయి. చాలా వరకు నలిగిపోయినవే. వాటి మధ్య ఒక కొస మాత్రం చెక్కుచెదరలేదు. కవిత సూదితో దాన్ని మెల్లగా దొర్లించింది. కుడివైపుకు తిరిగిన మెలిక, ఒకదాని మీద ఒకటి మూడు చుట్లు. చెరువు ఒడ్డున గడ్డి దుబ్బులకు అంటుకుని ఉండే ఆ చిన్న నత్త. అనుమానానికి తావే లేదు.

ముందు ఆమెకు కలిగింది సంతోషం. మూడేళ్లలో ఎవరికీ దొరకనిది సూది మొన కింద దొరికితే కలిగే సంతోషం. పేరు చెప్పడానికి నోరు తెరిచింది కూడా. అప్పుడు సార్ నవ్వు వినబడింది. నాలుగుసార్లు పప్పు. ఇది ఈమె కనుక్కున్నట్టు కాదు, లిదియా ముందే చెప్పింది నిజమైనట్టు. పేరు ఆ పిల్లది, చేతుల కంపు ఈమెది.

"ఖాళీ," అంది కవిత.

టక్.

గొంతు ఏమీ మారలేదు. ఎప్పుడూ అనే మాటే కదా. ఖాళీవన్నీ పారబోసేవే కాబట్టి పళ్లెం ఎత్తి బక్కెట్లో ఒంపింది. ఆ మెలిక కొస పళ్లెం అంచుకు అంటుకుని రాలేదు. బొటనవేలి గోటితో నెట్టింది. నీళ్లలో పడ్డ చప్పుడు కూడా రాలేదు.

"ఆ తర్వాతిది అక్కా?"

"ఇస్తున్న ఆగు."

మధ్యాహ్నందాకా చూసి, కవర్లో మిగిలినవి సీసాలో వేసి స్పిరిట్ పోసింది. ఆకలి దంచేసింది ఆ రోజు. లిదియా వాళ్లమ్మ కరుణమ్మ పంపిన పులిహోర వద్దనకుండా రెండుసార్లు పెట్టించుకుని తింది. సాయంత్రం చేవెళ్ల బస్టాండులో మిర్చి బజ్జీలు కట్టించుకుని ఇంటికి పోయింది. మోటార్లు బాగుచేసే ఆమె భర్త సైదులు నల్లబడ్డ చేతులతో ఒక బజ్జీ అందుకుంటూ "ఏందే, ఖుషీగున్నవు?" అన్నాడు.

"ఏం లేదు."

"ఉద్యోగం సంగతేమాయె?"

"నాకే వస్తది," అంది. ఎట్లా అని అతను అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో ఆమె సిద్ధంగానే పెట్టుకుంది, అది చెప్పే పని పడలేదు.

*

శనివారం ఒక పూటే ఆఫీసు. కవిత సూదులు స్పిరిట్లో ముంచి తుడుస్తుంటే లిదియా కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"అక్కా, ఒక ముచ్చట అడుగుత. చూసేటోళ్ల కన్ను ఎన్నిసార్లు తప్పుతదో లెక్కల ఒక అంకె పెట్టాలె. కడుపుల ఉన్నా కూడా కనబడక ఖాళీ అనేస్తరు చూడు, గది. పుస్తకాలల్ల అయితే నూటికి ఇరవైసార్లు తప్పుతరని ఉన్నది. ఇన్ని రోజులు నేను గదే పెట్టిన."

కవిత చేతిలో సూది ఆగిపోయింది. "నాక్కూడా గదేనా?"

"అదే కదా, నీకు గట్ల పెట్టుడు తప్పు అనిపించింది. అందుకే పోయిన నెల నీ ముందల కొన్ని పళ్లేలు పెట్టిన, యాదికున్నదా? అవి కొత్తవి కాదు. నువ్వు ఎప్పుడో చూసినవే, ఏదో ఒకటి దొరికినయని స్పిరిట్‌ల దాచినవి. నీకు చెప్పకుంట మల్ల పెట్టిన. ఒక్కటంటే ఒక్కటి తప్పలేదు అక్కా! అప్పుడేం చెప్పినవో గదే చెప్పినవ్."

"నాకు పరీక్ష పెట్టినవా నువ్వు?"

"నీకు గాదు అక్కా, కంటికి."

"కన్ను నాది గాదా?"

లిదియా మొహం వాడిపోయింది. "చెప్తే పని మారుతదని చెప్పలే. అందరికీ గిట్లనే చేస్తరు."

దొంగచాటుగా పరీక్ష పెట్టి, ఇప్పుడు మెచ్చుకుంటోంది! కవితకు నిన్న చేసిన పని మీద ఎక్కడో మిగిలి ఉన్న కాస్త ఇబ్బంది కూడా ఆ క్షణంలో పోయింది. ఇట్లాంటి పిల్లకు చెల్లుకు చెల్లే. "నీ ఇష్టమొచ్చిన అంకె పెట్టుకో," అని సంచి తీసుకుని మెట్లు దిగింది. ఆ అంకె మారితే ఏమవుతుందో ఆమెకు తెలియదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు.

ఆదివారమంతా ఇల్లు కడిగింది.

*

సోమవారం సిటీ నుంచి కమిటీ తరఫున ఇద్దరొచ్చారు. నెరిసిన జుట్టు కత్తిరించుకున్న ఒక పెద్ద మేడం, ఆమె పక్కన రాసుకునే ఒకాయన. సార్ కొత్త చొక్కా వేసుకున్నాడు. గోడ మీద పాత కాగితం తీసేసి లిదియా కొత్తది అంటించింది. సార్ ముందు చెరువు గురించి చెప్పాడు, అంతమ్మ ముడుల గురించి చెప్పాడు, ఒక ఇంటికి నాలుగుసార్లు పోతే పప్పు కనబడ్డ కథ చెప్పాడు. మేడం నవ్వింది. సార్ ఉత్సాహంగా కాగితం వైపు తిరిగి, "ఇప్పుడు అసలైంది చూపిస్త మేడం," అని వేలెత్తాడు.

వేలు గాల్లోనే ఉండిపోయింది. జెల్లకూ నత్తకూ మధ్య ఏమీ లేదు.

"లిదియా, ఇక్కడి గీత ఏది? ప్రింటుల పోయిందా?"

"నేనే తీసేసిన సార్."

గది వెనక స్టూలు మీద కూర్చున్న కవిత తలెత్తింది.

"తీసేసినవా! మొన్న పదిట్ల ఎనిమిది అంటివి గద."

"మొన్న వేరే అంకె మీద వచ్చింది సార్. చూసేటోళ్లు తప్పుతరు అనుకుని పెట్టిన అంకె." లిదియా చేతులు ఈరోజు ఆడటం లేదు, ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. "శుక్రవారం జెల్లలు చానా చూసినం. ఒక్కదాంట్ల నత్త లేదు. వేరే ఎవరన్న చూసి ఖాళీ అంటే నేను గీత ఉంచేదాన్నే. చూసింది కవితక్క. అక్క ఖాళీ అంటే ఖాళీనే సార్. అక్కకు సరైన అంకె పెట్టి మల్ల లెక్క కడితే గీత నిలవలేదు."

"మనిషి కన్ను తప్పకుండా ఉంటుందామ్మా?" అంది మేడం.

"నేను పరీక్ష చేసి చూసిన మేడం. తప్పలేదు."

సార్ గొంతు తగ్గించాడు, అయినా అందరికీ వినబడింది. "ఇరవై కాకుంటే పది పెట్టు. ఏం పోతది? గీత మిగులుతది గద."

"నా గీత నాకూ ముద్దే సార్," అంది లిదియా. "అది మిగలాలని అక్క చూపును తక్కువ చేసి రాస్తే ఇంగ దాన్ని లెక్క అంటరా?"

కవిత స్టూలు అంచు పట్టుకుంది. మేడం వెనక్కి తిరిగి ఆమెను చూసింది.

"నువ్వేనా కవితంటే? ఏమంటావమ్మా, అంత ఖచ్చితమేనా?"

ఇప్పుడు చెప్పొచ్చు. ఒక్క మాట. గదిలో నలుగురూ చూస్తున్నారు. "ఏం చూస్తే అదే చెప్త మేడం," అంది కవిత. మాట సగమే వచ్చింది. మేడం దాన్ని వినయం అనుకుంది.

చాయ్‌లు తాగి వాళ్లు వెళ్లిపోయారు. కారుదాకా వెళ్లిన సార్ మెట్లెక్కి వచ్చి తలుపు దగ్గరే ఆగాడు. కొత్త చొక్కా చంకల్లో తడిసి ఉంది.

"కవితా, నువ్వే ఉంటవు. మేడం ఒక్కటే మాటన్నది. లెక్క కట్టేటోళ్లు దొరుకుతరంట, గిసొంటి కన్ను దొరకదంట." లిదియా వైపు చూసి ఏదో అనబోయి, అనకుండా ఫోను చూసుకుంటూ దిగిపోయాడు.

లిదియానే ముందుగా వచ్చి కవిత చెయ్యి పట్టుకుంది. ఆ వాసన పట్టించుకోకుండా రెండు చేతులతో పట్టుకుని ఊపింది. "నాకు తెలుసు అక్కా నీకే వస్తదని." తర్వాత బయటి నల్లా దగ్గరికి పోయి చాలాసేపు మొహం కడుక్కుంది. లోపలికి వచ్చినప్పుడు కళ్లు ఎర్రగానే ఉన్నాయి.

ఇన్ని రోజులుగా కావాలనుకున్నది చేతికొచ్చింది. కవిత గోడ మీద కాగితం వైపు చూసింది. జెల్లకూ నత్తకూ మధ్య తెల్లటి చోటు. అసూయ ఇంకా పోలేదని ఆమెకే ఆశ్చర్యంగా తెలిసింది. ఇప్పుడది లిదియా గోళ్ల మీదా చదువు మీదా సార్ పిలుపు మీదా కాదు. ఉద్యోగం పోతుందని తెలిసి కూడా తన గీతను తనే తీసేసి, ఆ కాగితాన్ని తనే గోడకు అంటించిందే, దాని మీద. ఆ పని కవిత చేయలేకపోయింది.

"అక్కా," అంది లిదియా కొంగుతో మొహం తుడుచుకుంటూ. "మార్చిదాకా ఉంట గద. జర నాకు చూసుడు నేర్పియ్యరాదు? ఇంతవరకు నువ్వు చెప్తుంటే ఎక్కించుడే తప్ప ఒక్క కడుపు చూడలే."

"ఇప్పుడెందుకు? రేపు చూద్దాం."

"ఇప్పుడు ఊకె కూసుంటే ఏడుపొస్తది అక్కా. గివి ఉన్నయి గద, శుక్రవారంవి." లిదియా అప్పటికే సీసా మూత తీసింది.

కవిత వద్దనలేకపోయింది. లిదియా కుర్చీలో కూర్చుంది, కవిత పక్కన నిలబడింది. కత్తెర ఎట్లా పట్టుకోవాలో, మొన లోపలికి పోకుండా గోడను మాత్రమే ఎట్లా చీల్చాలో చెప్పింది. మొదటిది ఖాళీ. రెండోదాంట్లో రొయ్య కాళ్లు. లిదియా చిన్నపిల్లలా సంబరపడింది. మూడోది ఖాళీ. కవితకు ఊపిరి తేలికైంది. ఇంకొకటి చూసి లేద్దాం అందామె.

ఆ ఇంకొకదాన్ని చీరుతుంటే లిదియా చెయ్యి ఆగింది. "ఏదో గరుకు తాకుతున్నదక్కా." నీళ్ల బొట్లు వదిలింది. మైక్రోస్కోపు మీదికి వంగి, సూదితో కెలుకుతూ ఉండిపోయింది. "ఇసుకనా ఇది? ఇసుకనే కావచ్చు. చూడరాదు."

పక్కకు జరిగింది. కవిత వంగింది. వంగాల్సిన అవసరం లేదు, పళ్లెంలో తేనె రంగు పలుకులు ఉత్త కంటికే కనబడుతున్నాయి. మైక్రోస్కోపు కింద రెండు మెలికలు, ఒకటి పగిలింది, ఒకటి నిండుగా ఉంది. ఒకే వల, ఒకే ఒడ్డు. శుక్రవారం ఆ జెల్లలన్నీ ఆ గడ్డి దుబ్బుల్లోనే తిరిగినట్టున్నాయి.

"ఇసుకనే గద అక్కా?"

అవునంటే అయిపోయేది. ఆ పిల్ల సంతోషంగా 'ఇసుక' అని ఎక్కించుకునేది. తను మొట్టమొదట కళ్లారా చూసిన నత్తను తన చేతులతోనే ఇసుక అని రాసుకునేది, కవిత చెప్పింది కాబట్టి. కవితకు ఆ మాట గొంతుదాకా వచ్చింది.

"నత్త," అంది.

లిదియా ఒక్క క్షణం చూసి, తల అడ్డంగా ఊపి నవ్వింది. కళ్లల్లో మళ్లీ నీళ్లు తిరిగాయి. "వద్దక్కా. నాకోసమని అనకు."

"నీకోసం గాదు. నత్తనే."

"నాకు ఉద్యోగం పోయిందని పాపం అనిపించి అంటున్నవు. శుక్రవారం ఇదే కవర్ల ఎన్ని చూసినవ్! ఒక్కదాంట్లన్న ఉంటే నీ కంటికి తప్పిపోతుండెనా? నువ్వు ఖాళీ అన్నంక నేను తీసేసిన గద, ఇంగ దాని ఫికర్ లేదు నాకు. ఇసుకనే ఇది."

ఆ పిల్ల నమ్మడం లేదు. కళ్ల ముందు పెట్టి చూపిస్తున్నా నమ్మడం లేదు. కవిత ఖాళీ అంది కాబట్టి ఖాళీయే, ఇప్పుడు కవిత వచ్చి కాదన్నా సరే. కవిత సూదిని పళ్లెం అంచున పెట్టింది.

"శుక్రవారం సుత దొరికింది లిదియా."

"ఏంది?"

"నత్త దొరికింది. చూసిన. చూసి ఖాళీ అన్న. బక్కెట్ల పారబోసిన."

కింద దాణా కొట్టులో ఎవరో బస్తా ధభీమని దించారు. లిదియా ఎందుకని అడగలేదు. కాసేపు పళ్లెం వైపు చూసింది, తర్వాత గోడ మీద కాగితం వైపు చూసింది. జెల్లకూ నత్తకూ మధ్య చోటును కాదు. పై నుంచి కిందిదాకా, ఆ చివర నుంచి ఈ చివర దాకా, కవిత గీసిన నిండు గీతలన్నిటినీ, వాటి మధ్య కవిత వదిలేసిన తెల్లటి చోట్లన్నిటినీ చూసింది. అట్లా చూస్తూనే, అక్కా అనకుండా అడిగింది.

"ఆ ఒక్కటేనా?"

"ఒక్కటే," అంది కవిత.

అది నిజం. అంతకుముందు మూడేళ్లలో ఎన్నడూ అట్లా చేయలేదు. ఆ సంగతి ఇంకోసారి గట్టిగా చెప్పబోయింది. ఎంత గట్టిగా చెప్పినా లిదియాకు దాన్ని తెలుసుకునే దారి లేదని అప్పుడు అర్థమై, నోరు మూసుకుంది.